కారణం చెప్పడం వేరు, వెనకేసుకురావడం వేరు

లాస్ ఏంజెలెస్‌లో క్రిప్స్, బ్లడ్స్ అనే వీధి గ్యాంగులు ఎలా పుట్టాయో చెప్పే డాక్యుమెంటరీ ఒకటుంది. పేరు ‘క్రిప్స్ అండ్ బ్లడ్స్: మేడ్ ఇన్ అమెరికా’. స్టేసీ పెరాల్టా దర్శకుడు, వ్యాఖ్యానం నటుడు ఫారెస్ట్ విటేకర్‌ది, 2008లో వచ్చింది. రాజమహేంద్రవరంలో కొందరు మిత్రులం కలిసి దాన్ని చూశాం. సినిమా గంటన్నర. దాని మీద వాదన అంతకంటే ఎక్కువ సేపు నడిచింది, ఇంకా తెగలేదు. ఎందుకు తెగలేదో ఆలోచిస్తే ఒక సంగతి తోచింది. అక్కడున్న ప్రతి ఒక్కరూ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతున్నామని అనుకున్నారు కానీ ఎవరి ప్రశ్న వాళ్ళదే.

పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుడు ఒకరు సినిమా అయిపోగానే అన్నారు: "పేదరికం, వివక్ష అన్నీ నిజమే. అయినా తుపాకీ పట్టుకున్నది వాడే కదా! పక్క వీధి పిల్లవాడిని చంపినవాడి బాల్యం గురించి గంటన్నర చెప్పి మన చేత జాలి పడమంటే ఎలా?" క్రిమినల్ కేసులు చూసే న్యాయవాది ఒకరు పూర్తిగా ఎదురు పక్షం: ఇళ్ళు ఇవ్వనిది, పనులు తీసేసింది, నాయకులను జైల్లో వేసింది రాజ్యమే, గ్యాంగు ఆ రాజ్యం కన్న బిడ్డ అన్నారు. ఆటోనగర్‌లో మెకానిక్‌గా పనిచేసే కుర్రాడు చాలా సేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "మాస్టారూ, అది అమెరికా కథని మీరిద్దరూ అనుకుంటున్నారు. మా వీధి చివర కూర్చునేవాళ్ళు కూడా ఇలాగే మొదలుపెట్టారండి" అన్నాడు.

ఈ మూడు మాటలూ నాకు విలువైనవిగానే కనిపించాయి. చిక్కు ఏమిటంటే వీటిని ఒకదాని మీదకు ఒకటి ఉసిగొల్పడం. 1986 ఆగస్టు వరదల్లో గోదావరి గట్లకు గండ్లు పడ్డాయి. అంత నీరు ఎందుకొచ్చింది, గట్టు ఆ చోటే ఎందుకు తెగింది, గండి పడ్డాక దాన్ని ఎందుకు వెంటనే పూడ్చలేకపోయారు అన్నవి మూడు వేర్వేరు విచారణలు. గ్యాంగు విషయంలోనూ అంతే. ఒక ప్రాంతంలో గ్యాంగులు ఎందుకు పుట్టాయి? పుట్టించిన పరిస్థితి మారినా అవి ఎందుకు నిలిచాయి? ఆ వీధిలోని ఫలానా కుర్రాడు ఎందుకు చేరాడు, అతను చేసినదానికి ఎవరు బాధ్యులు? డాక్యుమెంటరీ మొదటి ప్రశ్నకు బలంగా, రెండోదానికి కొంతగా జవాబిస్తుంది. మూడోదాని దగ్గర తడబడుతుంది. మాస్టారు అడిగింది మూడోది, న్యాయవాది చెప్పింది మొదటిది.

మొదటిదానితోనే మొదలుపెడదాం, ఎందుకంటే సినిమాలో అన్నిటికంటే గట్టి భాగం అదే. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల నుంచి 1970 వరకు దాదాపు 60 లక్షల మంది నల్లజాతి ప్రజలు అమెరికా దక్షిణాది రాష్ట్రాలను వదిలి ఉత్తరానికి, పడమరకు వలస వెళ్ళారు. లాస్ ఏంజెలెస్‌కు వచ్చినవాళ్ళకు ఓడల, విమానాల, టైర్ల, కార్ల కర్మాగారాల్లో పని దొరికింది. ఇల్లు మాత్రం ఎక్కడ పడితే అక్కడ దొరకలేదు. ఫలానా జాతివారికి ఈ ఇల్లు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అని దస్తావేజుల్లోనే రాసుకునేవారు. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని అమెరికా సుప్రీంకోర్టు 1948లో చెప్పింది. కాగితం మీద షరతు చెల్లకుండా పోయినా, వీధుల్లో గీత చెరిగిపోలేదు. అలమెడా వీధికి పడమర నల్లవారు, తూర్పున తెల్లవారి పట్టణాలు. ఆ గీత దాటిన పిల్లలను తెల్ల కుర్రాళ్ళ ముఠాలు పట్టుకుని కొట్టేవి. స్లాసన్స్, గ్లాడియేటర్స్ వంటి నల్ల కుర్రాళ్ళ క్లబ్బులు ఏర్పడటానికి ఆత్మరక్షణ ఒక ముఖ్య కారణం. అప్పటి సభ్యులు కొందరు ముదిమి వయసులో కెమెరా ముందు కూర్చుని ఆ రోజులు చెబుతారు. అప్పట్లో గొడవంటే ఎక్కువగా పిడికిళ్ళతోనే తేలేది.

సినిమా చూసేవాళ్ళకు తెలిసి ఉండాల్సిన సంగతి ఇంకొకటుంది. ఇళ్ళ అమ్మకాల్లో, అద్దెల్లో వివక్షను నిషేధిస్తూ కాలిఫోర్నియా 1963లో ఒక చట్టం చేసింది. మరుసటి ఏడాదే జనాభిప్రాయ ఓటింగు పెట్టి, దాదాపు మూడింట రెండు వంతుల ఓట్లతో ప్రజలే దాన్ని కొట్టివేయించారు. సుప్రీంకోర్టు 1967లో ఆ ఓటింగు ఫలితాన్ని రద్దు చేసింది కానీ, ఈ రెండింటి మధ్య వచ్చింది 1965. ఆ ఏడాది ఆగస్టు 11న, లాస్ ఏంజెలెస్‌లో నల్లవారు ఎక్కువగా ఉండే వాట్స్ ప్రాంతంలో ఒక యువకుడి కారును పోలీసులు ఆపడంతో రాజుకున్న గొడవ ఆరు రోజులు మండింది. 34 మంది చనిపోయారు, దాదాపు 4,000 మందిని అరెస్టు చేశారు. "మీరు మా పక్కన ఉండటానికి వీల్లేదు" అని ఒక రాష్ట్రమంతా ఓటు వేసి చెప్పిన కొద్ది నెలలకే ఇది జరిగిందని గుర్తు పెట్టుకుంటే, ఒక ట్రాఫిక్ తనిఖీ ఊరినెలా తగలబెట్టిందన్న ఆశ్చర్యం చాలావరకు తగ్గుతుంది.

మా బృందంలో ఈ భాగం చూస్తున్నప్పుడు ఒక నర్సు మెల్లగా అన్న మాట అందరినీ ఆపింది. "దస్తావేజులో రాసుకోవడం వాళ్ళకు అవసరమైంది. మనకు ఆ అవసరం కూడా లేదండీ. ఇల్లు అద్దెకు కావాలని వెళితే కిరాయి ఎంతో చెప్పకముందే ‘మీరేమిట్లు?’ అని అడుగుతారు." ఆమె చెప్పింది డెల్టాలో పుట్టిన ఎవరికైనా తెలిసిన నిజం. ఊరు ఒకచోట, పేట ఒకచోట ఉండే పల్లెలు మనవి. పశ్చిమ గోదావరి గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం విషయంలో మొదలై దళితుల సాంఘిక బహిష్కరణ దాకా వెళ్ళిన వ్యవహారం జరిగింది 2017లోనే.

తిరిగి లాస్ ఏంజెలెస్‌కు. 1965 తర్వాత కొన్నాళ్ళు ఆ వీధుల కోపం రాజకీయంలోకి మళ్ళింది. 1966లో ఓక్లాండ్‌లో, నల్లవారి హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్ పార్టీ పుట్టింది. లాస్ ఏంజెలెస్ శాఖను నిర్మించిన బంచీ కార్టర్ అంతకుముందు స్లాసన్స్‌లో పేరున్న నాయకుడు. వీధి కుర్రాళ్ళకు అతని మాట మీద గురి ఉండేది. 1969 జనవరి 17న విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అతన్ని, అతని సహచరుడు జాన్ హగ్గిన్స్‌ను కాల్చి చంపారు. అది మరో నల్లజాతి సంస్థతో నడుస్తున్న కలహంలో జరిగింది. ఆ కలహాన్ని అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ దొంగ ఉత్తరాలతో, వ్యంగ్య చిత్రాలతో ఎగదోసిందని 1970ల మధ్యలో అమెరికా సెనేట్ సంఘం విచారణలో బయటపడింది. అదే 1969లో, పదిహేను పదహారేళ్ళ రేమండ్ వాషింగ్టన్ తన వీధి స్నేహితులను కూడగట్టి పెట్టిన గుంపే తర్వాత క్రిప్స్ అయింది.

పెద్దవాళ్ళు చనిపోయారు, జైలుకు పోయారు, ఊరొదిలి పోయారు. మిగిలినవాళ్ళలో పదహారేళ్ళవాడే పెద్ద. సినిమా మొత్తంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది ఇదే. క్రిప్స్ తొలి కుర్రాళ్ళు పాంథర్ల నడక, దుస్తులు అనుకరించారని చాలామంది చెబుతారు. ఆ దుస్తుల వెనక ఉన్న చదువు, క్రమశిక్షణ, రాజకీయం నేర్పేవాళ్ళు అప్పటికి లేరు.

ఇక్కడితో న్యాయవాది వాదన గెలిచినట్టే కనిపిస్తుంది. అయితే రెండో ప్రశ్న ఇంకా అలాగే ఉంది, దానిలో కథ మలుపు తిరుగుతుంది. 1972 ప్రాంతంలో క్రిప్స్ దాడులు తట్టుకోలేక పక్క పట్టణం కాంప్టన్‌లోని పైరూ వీధి కుర్రాళ్ళు, మరికొన్ని చిన్న గుంపులు కలిసి బ్లడ్స్ అయ్యాయి. అంటే బ్లడ్స్ పుట్టుకకు దగ్గరి కారణం తెల్లవారి ముఠా కాదు, పోలీసులు కాదు, క్రిప్సే. ఒకసారి ఒక గ్యాంగు ఉందంటే, దాని ఉనికే రెండోదానికి కారణమవుతుంది. పక్క వీధివాడు కత్తి పట్టుకు తిరుగుతున్నప్పుడు ఈ వీధి కుర్రాడికి ఒంటరిగా బడికి వెళ్ళడం కష్టం. గుంపులో చేరితే గండం తప్పుతుందని చేరతాడు. చేరినందువల్ల గండం పెరుగుతుంది. ఒక హత్యకు ప్రతీకారం, ఆ ప్రతీకారానికి మరో ప్రతీకారం. కొన్నాళ్ళకు క్రిప్స్‌లోని ఉపగుంపులే ఒకదాన్నొకటి చంపుకున్నాయి. ఇవన్నీ నడిపింది 1948కి ముందు నాటి దస్తావేజులు కావు. మొదలుపెట్టిన కారణం, నడిపిస్తున్న కారణం ఒకటే కానక్కర్లేదు.

దీనికి తోడు ఆర్థికం. సౌత్ గేట్‌లో ఫైర్‌స్టోన్ టైర్ల కర్మాగారం 1980లో, జనరల్ మోటార్స్ కార్ల కర్మాగారం 1982లో మూతపడ్డాయి. పెద్ద చదువు లేకపోయినా ఇంటిని పోషించగల జీతం దొరికే చోట్లవి. దాదాపు అదే కాలంలో క్రాక్ కొకైన్ వచ్చింది, పొడి కొకైన్ నుంచి చేసి చిన్న గడ్డలుగా చవకగా అమ్మే మత్తుమందు అది. గ్యాంగుకు అంతవరకు లేని ఆదాయం, దానితో మెరుగైన తుపాకులు వచ్చాయి. 1986 చట్టం ప్రకారం 5 గ్రాముల క్రాక్ దొరికినా, 500 గ్రాముల పొడి కొకైన్ దొరికినా కనీస శిక్ష ఒక్కటే, ఐదేళ్ళ జైలు. పేద వీధుల్లో అమ్మేది క్రాక్, పెద్ద ఇళ్ళలో వాడేది పొడి. ఆ 100:1 నిష్పత్తిని 18:1కి తగ్గించడానికి 2010 దాకా పట్టింది. ఒక తరం తండ్రులు జైళ్ళలో ఉన్నారు, వాళ్ళ కొడుకులు వీధుల్లో ఉన్నారు.

ఇప్పుడు మాస్టారి మాటకు వద్దాం. ఆయన అడిగిన ప్రశ్న అన్యాయమైనది కాదు. అయితే కారణం చెప్పినంత మాత్రాన నేరాన్ని మాఫీ చేసినట్టు ఎందుకు అనుకోవాలి? 1979లో రేమండ్ వాషింగ్టన్‌ను కాల్చినవాడు హంతకుడే. అతన్ని హంతకుడనడానికి అలమెడా వీధి చరిత్ర అడ్డు రాదు. అలాగే అతన్ని ఉరి తీసినంత మాత్రాన అలమెడా వీధి మారిపోదు. శిక్ష ఒక మనిషికి, చరిత్ర ఒక ప్రాంతానికి జవాబు చెబుతాయి. ఒకదాన్ని రెండోదాని స్థానంలో పెట్టినప్పుడల్లా వాదన పాడవుతుంది. న్యాయవాది చేసింది కూడా ఆ పొరపాటే, అవతలి వైపు నుంచి.

సినిమాను మెచ్చుకునేవాళ్ళు కూడా దాని లోపాలు ఒప్పుకోవాలి. లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ మూలాలున్న గ్యాంగులు క్రిప్స్ కంటే దశాబ్దాల ముందు నుంచీ ఉన్నాయి. సినిమా వాటి జోలికి పెద్దగా వెళ్ళదు. వెళ్ళి ఉంటే, వివక్ష, వలస, ఇరుకు బస్తీలు అన్న సూత్రం వేరే సమూహానికీ వర్తిస్తుందో లేదో తేలేది. పిల్లలను పోగొట్టుకున్న తల్లులు మాట్లాడతారు, ఆ ముఖాలు చూస్తూ కూర్చోవడం కష్టం. కానీ వాళ్ళు సాక్షులుగా, బాధితులుగా వస్తారే తప్ప, ఆ వీధిని నడిపినవాళ్ళుగా రారు. బిడ్డను గ్యాంగు వైపు పోకుండా ఆపడానికి వాళ్ళు ఏమేం చేశారో, ఏది పనిచేసిందో ఎవరూ అడగలేదు. నర్సుగారు పట్టుకున్నది ఇదే: "కన్నీళ్ళు చూపించారు. వాళ్ళకు తెలిసిన విద్య మాత్రం చూపించలేదు."

మెకానిక్ కుర్రాడి మాట అన్నిటికంటే జాగ్రత్తగా పరిశీలించాల్సింది. మన రాజమహేంద్రవరంలో ‘బ్లేడ్ బ్యాచ్’ అన్న మాట వినని ఇల్లు ఉండదు. జేబులో బ్లేడు పెట్టుకుని, మత్తుకు డబ్బుల కోసం ఒంటరిగా వెళ్ళేవాళ్ళను బెదిరించే కుర్రాళ్ళ గుంపులకు జనం, పత్రికలు పెట్టిన పేరది. దాన్నీ క్రిప్స్‌నూ ఒకే గాటన కట్టకూడదు. ఇక్కడ అంత సులువుగా తుపాకీ దొరకదు, తాత నుంచి మనవడికి సంక్రమించే వీధి సరిహద్దులు లేవు. బ్యాచ్‌లు ఏర్పడతాయి, చెదిరిపోతాయి. ఇంకో పెద్ద తేడా ఏమిటంటే, లాస్ ఏంజెలెస్ గ్యాంగులు అధికారానికి బయట పెరిగాయి. మన దగ్గర గుంపు కట్టిన కుర్రాళ్ళను వాడుకునే పెద్దమనుషులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. స్థలాల సెటిల్మెంట్లకు, ఎన్నికల ఊరేగింపులకు, సంక్రాంతి కోడిపందేల బరుల దగ్గర కాపలాకు మనుషులు కావాలి. క్రిప్స్ కథతో పోల్చదగింది ఏదైనా ఉంటే అది విజయవాడ కథ. అక్కడ విద్యార్థి, కార్మిక సంఘాల మధ్య పోటీగా మొదలైన పగలు హత్యలుగా మారి, 1988 డిసెంబరు 26న వంగవీటి మోహనరంగా హత్యతో కోస్తా జిల్లాలన్నీ మండే దాకా వెళ్ళాయి. గోదావరి జిల్లాలూ ఆ మంట చూశాయి.

కోనసీమలో 2022 మే 24న జరిగింది వేరే రకం. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో చేరిన గుంపు ఒక మంత్రి ఇంటిని, ఒక ఎమ్మెల్యే ఇంటిని తగలబెట్టింది. వాళ్ళెవరూ గ్యాంగు కాదు, చాలామంది మామూలు ఇళ్ళ కుర్రాళ్ళు. అయితే, "ఇంత పచ్చని నేల మీద ఇదేమిటి?" అన్న ప్రశ్న అప్పుడు చాలామంది వేశారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువలు ఈ నేలకు అన్నం పెట్టాయి, నిజమే. అందరికీ భూమి పెట్టలేదు. దక్షిణ లాస్ ఏంజెలెస్ కూడా ఎండా, కొబ్బరిచెట్లను పోలిన తాటి జాతి చెట్లూ ఉన్న అందమైన చోటే, కర్మాగారాల నగరమే. గుంపులు పుట్టేది సంపద లేనిచోటే కాదు, సంపద కళ్ళ ముందు ఉండి చేతికి అందనిచోట కూడా. కోనసీమ నుంచి ఎంతోమంది తల్లులు ఇంటి పనులకు కువైట్, ఖతార్ వెళ్ళారు. వాళ్ళు పంపే డబ్బుతో బిడ్డ చేతికి ఫోను, బండి వస్తాయి. సాయంత్రం ఆరు నుంచి పది వరకు వాడు ఎవరితో కూర్చుంటాడు అన్నది డబ్బుతో తీరదు. ఇది ఆ తల్లుల మీద నెట్టాల్సిన నింద కాదు. వాళ్ళను వెళ్ళగొట్టింది ఇక్కడ దొరకని కూలి.

అక్కడ ఏం పనిచేసిందో సినిమా కంటే బయటి చరిత్రే ఎక్కువ చెబుతుంది. 1992లో, ఒక నల్లజాతి మనిషిని కొట్టిన పోలీసులను కోర్టు వదిలేయడంతో నగరంలో రేగిన అల్లర్లకు ముందు రోజుల్లో, వాట్స్‌లోని ప్రత్యర్థి గుంపులు తమంతట తామే సంధి చేసుకున్నాయి. ఆ ఒప్పందాన్ని 1949 నాటి అరబ్-ఇజ్రాయెల్ యుద్ధ విరమణ ఒప్పందం నమూనాగా రాసుకున్నారు. గ్రెగరీ బాయల్ అనే క్రైస్తవ గురువు 1988లో గ్యాంగు కుర్రాళ్ళకు పని వెతకడం మొదలుపెట్టి, 1992లో ఒక బేకరీ తెరిచారు. ప్రత్యర్థి గ్యాంగులవాళ్ళు అక్కడ పక్కపక్కన నిలబడి రొట్టెలు చేశారు. 2008 నుంచి వేసవి రాత్రుళ్ళు కొన్ని పార్కుల్లో దీపాలు వెలిగించి ఆటలు, భోజనాలు పెట్టారు. 1992లో ఆ నగరంలో వెయ్యికి పైగా హత్యలు జరిగాయి. 2010 నుంచి 2019 వరకు ఏ ఏడాదీ మూడు వందలు దాటలేదు. అమెరికా అంతటా నేరాలు తగ్గిన కాలమే అది కాబట్టి ఘనతంతా వీటిదే అనను. పనిచేయనిది ఏదో మాత్రం స్పష్టం: 1988లో ఒకే వారాంతంలో వెయ్యి మందికి పైగా పట్టి లోపలేసిన పోలీసు దాడుల తర్వాతే హత్యలు ఆ శిఖరానికి చేరాయి.

మాస్టారు చివరగా వేసిన ప్రశ్నకు సినిమాలో జవాబు లేదు. "అదే వీధిలో పుట్టి, అదే ఆకలి అనుభవించి, గ్యాంగులో చేరనివాళ్ళ మాటేమిటి?" ఎంత కటిక బస్తీలోనైనా చేరనివాళ్ళే ఎక్కువ. అమెరికాలో పిల్లలను ఏళ్ళ తరబడి వెంబడించి చేసిన అధ్యయనాల్లో ఇంకో సంగతి కూడా తేలింది: చేరినవాళ్ళలో ఎక్కువమంది ఏడాది, రెండేళ్ళలో బయటికి వచ్చేస్తారు. పెద్దవాళ్ళవుతారు, పని దొరుకుతుంది, పెళ్ళవుతుంది, భయం వేస్తుంది. ఇది ఇద్దరి వాదాలనూ కదిలించే నిజం. పరిస్థితి అందరినీ ఈడ్చుకుపోదని మాస్టారికి బలం. చేరినవాడు జీవితాంతం అదే మనిషిగా ఉండడని న్యాయవాదికి బలం.

మనం ఒక మనిషి మీద వేసే ముద్ర మాత్రం రెండేళ్ళలో పోదు. కాలిఫోర్నియాలో గ్యాంగు సభ్యుల పేర్లతో పోలీసులు నడిపే సమాచార నిధిని 2016లో రాష్ట్ర ఆడిటరు తనిఖీ చేస్తే, ఏడాది కూడా నిండని వయసులో చేర్చినట్టు నమోదైనవి 42 పేర్లు దొరికాయి. వాళ్ళలో 28 మంది తాము గ్యాంగు సభ్యులమని స్వయంగా ఒప్పుకున్నట్టు రాసి ఉంది! మన దగ్గర ఆ పని చేసేది రౌడీషీటు. పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం తెరుస్తారు. ఆ ఆర్డర్లకు చట్టబలం ఎంత అన్న వాదన 2022లో రాష్ట్ర హైకోర్టు ముందుకు వచ్చింది.

న్యాయవాది దగ్గరకు వచ్చే కక్షిదారుల్లో ఒకతను ఉన్నాడు. పంతొమ్మిదేళ్ళప్పుడు జాతరలో జరిగిన కొట్లాటలో పేరు చేరింది, షీటు తెరిచారు. ఇప్పుడతనికి ఇద్దరు పిల్లలు, టైల్స్ పరిచే పని చేసుకుంటాడు. ఆ తర్వాత ఒక్క కేసు లేదు. అయినా ఎన్నికలు వస్తే తహసీల్దారు ముందు బైండోవర్‌కు వెళ్ళాలి, వినాయక చవితి వస్తే స్టేషన్లో సంతకం పెట్టాలి. పని మధ్యలో ఫోను వస్తుంది. ఇంటి యజమాని ముందు చేతులు కడుక్కుని, ఏదో సాకు చెప్పి బయలుదేరతాడు. రెండుసార్లు అలా వెళ్ళినవాడిని మూడోసారి ఏ మేస్త్రీ పనికి పిలవడు. షీటు మూయమని పెట్టుకున్న అర్జీకి ఇంకా జవాబు రాలేదు. మాస్టారు ఆ అర్జీ నకలు అడిగి తీసుకున్నారు. తన దగ్గర చదువుకున్నవాళ్ళలో ఒకరు ఇప్పుడు పోలీసు శాఖలో ఉన్నారట, స్వయంగా వెళ్ళి మాట్లాడతానన్నారు.